తిరగబడ్డ స్తోత్రం

ఆదివారం చర్చి గుడిలో పాట మొదలవగానే ఆదెమ్మ పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది. ఏ పాట ఎన్నో పేజీలో ఉందో ఆమెకు తెలియదు. పక్కనున్నామె ఎంత మందం తిప్పిందో ఓరకంట చూసి తానూ అంతే తిప్పేది. పాటలన్నీ నోటికి వచ్చు గనుక ఎక్కడా తడబడేది కాదు. పెళ్లయి ఆరేళ్లయినా నంద్యాల గుడిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. బడిలో పాఠాలు చెప్పే సుందరరాజు అయ్యవారి భార్యకు చదువు రాదని ఎవరు మాత్రం అనుకుంటారు?

వెలుగోడులో సంబంధం మాట్లాడిన రోజు పిల్ల ఐదు దాకా చదివిందని ఆమె మేనమామ చెప్పాడు. నిజానికి ఆదెమ్మ బడికి పోయింది ఒక్క వానాకాలం. ఆ తర్వాత తమ్ముళ్లను చంకనేసుకుని తిరగడంతోనే ఆమె చదువు ముగిసింది. పెళ్లయిన నెలకు సుందరరాజు బడి నుంచి చీటీ రాసి పంపాడు, మధ్యాహ్నం భోజనానికి ఇద్దరిని తీసుకొస్తున్నానని. ఆదెమ్మ ఆ చీటీని మడిచి బియ్యం డబ్బా మీద పెట్టింది. మధ్యాహ్నం ఇద్దరు అయ్యవార్లు వచ్చి చాప మీద కూర్చున్నాక గాని సంగతి బయటపడలేదు.

"ఈ మాట మన ఇద్దరి మధ్యనే ఉండాల," అన్నాడు సుందరరాజు ఆ సాయంత్రం. కోప్పడలేదు. పలక తెచ్చి వారం రోజులు అక్షరాలు దిద్దించాడు. ఎనిమిదో రోజు విసుగొచ్చి, "ఒకటో తరగతి పిల్లోళ్లు నయం," అన్నాడు. ఆదెమ్మ పలకను ట్రంకుపెట్టె కింద పెట్టేసింది. అతను మళ్లీ తియ్యమనలేదు. ఇద్దరూ ఆ ఊసెత్తకుండానే ఏళ్లు గడిచాయి.

డెబ్బయ్యైదులో గుడి ఆవరణలో కుట్టు క్లాసు పెట్టారు. ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లు కుట్లూ అల్లికలూ నేర్పి రిటైరయిన కృపమ్మ టీచరు మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు వచ్చి నేర్పేది. పన్నెండు మంది చేరారు. చదువుతో పని లేని విద్య ఒకటి దొరికిందని ఆదెమ్మకు లోలోపల ఎంతో సంతోషమైంది.

అయితే మొదటి నెలంతా ఆమెకు చేతకాలేదు. దారం మోచేతి పొడుగు కంటే ఎక్కువ తీసుకునేది, అది నాలుగు కుట్లకే చిక్కుపడేది. గుడ్డను ఫ్రేములో బిగించడం రాక కుట్టంతా ముడుచుకుపోయేది. కృపమ్మ టీచరు అందరి గుడ్డలూ వెనక్కి తిప్పి చూసేది. "ముందర పక్క ఎవురైనా చూస్తారు. నాకు ఎనక పక్క చూపీయండి," అనేది. ఆదెమ్మ గుడ్డ వెనకవైపు చూసినప్పుడల్లా ఆమె పెదవి విరిచేది. మిగతా ఆడవాళ్ల ముందు ఆదెమ్మ చెవులు వేడెక్కేవి.

గొలుసు కుట్టు ఆమెకు నేర్పింది మాత్రం టీచరు కాదు, లింగమ్మ.

లింగమ్మ గుడి ఊడ్చి, తొట్టికి నీళ్లు పోసే మనిషి. కుందూ ఏటి గట్టు దగ్గర గుడిసెలో ఒంటరిగా ఉండేది. ఆదెమ్మ కంటే పాతికేళ్లు పెద్దది. పని అయ్యాక చేతులు తుడుచుకుని వచ్చి, గడప దగ్గర కూర్చుని తానూ కుట్టుకునేది. కృపమ్మ టీచరు వద్దనలేదు. లింగమ్మ వేళ్లు కాయలు కాసి మొద్దుగా ఉండేవి గాని, సూది పట్టుకుంటే ఆ వేళ్లే మారిపోయేవి. "నాకు అచ్చరం ముక్క రాదు, ఈ సూది ముక్కన్నా రానీ," అని ఆమె అందరి ముందూ అనేది. ఆ మాట అంత తేలిగ్గా ఎలా అనగలుగుతుందో ఆదెమ్మకు అర్థమయ్యేది కాదు.

ఒక శుక్రవారం అందరూ వెళ్లిపోయాక ఆదెమ్మ ఒక్కతే కూర్చుని, కుట్టిందే విప్పుతూ, విప్పిందే కుడుతూ ఉంది. లింగమ్మ చీపురు పక్కనపెట్టి వచ్చి కూర్చుంది.

"ఏందమ్మా అయ్యవారమ్మా, దాంతో కొట్లాడుతాండావు. ఇట్ల తే. సూదిని గుచ్చినాక బేగా లాగద్దు. దారాన్ని దాని మూతి కిందికి తిప్పు. ఈ బొటనేలితో అదిమిపట్టుకో. ఇప్పుడు లాగు, మెల్లగా."

ఆదెమ్మ లాగింది. గుడ్డ మీద చిన్న కన్ను లాంటి ముడి పడింది. దాని కడుపులోంచే మళ్లీ సూది పెట్టమంది లింగమ్మ. రెండో కన్ను, మూడో కన్ను. చీకటి పడేలోపు జానెడు గొలుసు వచ్చింది.

ఆ రోజు నుంచి ఆదెమ్మ గడప దగ్గరే, లింగమ్మ పక్కన కూర్చునేది. కాడకుట్టు, కాజా కుట్టు, పూల మధ్యలో వేసే ముడి కుట్టు ఇద్దరూ కలిసి నేర్చుకున్నారు. వానాకాలం దాటేసరికి క్లాసులో గొలుసు కుట్టు సమంగా వేయడంలో ఎవరైనా ఆదెమ్మ తర్వాతే అని కృపమ్మ టీచరే అంది. వెనకవైపు చూసి కూడా అంది.

కోత పండుగ ముందు నెల టీచరు ఆదెమ్మకు ఒక పని అప్పగించింది. గుడిలో ప్రభు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ. అంచు నిండా వరి కంకులు, ముందుకు వేలాడే భాగంలో పెద్ద అక్షరాలతో 'దేవునికి స్తోత్రము' అని కుట్టాలి. అక్షరాలు రాసి, గీత వెంబడి సూదితో చిల్లులు గుచ్చిన బటరు కాగితం చేతికిచ్చింది. ఆ కాగితాన్ని గుడ్డ మీద పెట్టి, కిరసనాయిల్లో నీలిమందు కలిపి గుడ్డపేలికతో రుద్దితే చిల్లుల్లోంచి కిందికి దిగి చుక్కలు పడతాయి. ఆ చుక్కల మీద కుట్టుకుంటూ పోవాలి.

"నేను కర్నూలుకు పోతాండా, నా బిడ్డ కాన్పు. వచ్చేసరికి పండగొస్తాది. నువ్వే అద్దుకో. అచ్చరాలు తిన్నగా కనపడే పక్క పైకి రావాల, చూసుకో," అంది టీచరు.

ఆదెమ్మ తలూపింది.

ఇంటికి వచ్చి కాగితం విప్పింది. అది పల్చని కాగితం. పెన్సిలు గీత అటువైపూ కనబడుతోంది, ఇటువైపూ కనబడుతోంది. తిప్పి చూసింది. మళ్లీ తిప్పి చూసింది. రెండు వైపులా ఒకేలా అందంగా ఉన్నాయి. సుందరరాజును అడుగుదామా అనుకుంది. కుట్టడం పూర్తయ్యాక ఒక్కసారే చూపించి ఆశ్చర్యపరచాలని అతనికి ఆ సంగతే చెప్పలేదు. పైగా ఆరేళ్ల తర్వాత మళ్లీ అతని ముందు అక్షరం తెలియదని నిలబడటం ఆమె వల్ల కాలేదు. గుడ్డకు గీసుకోకుండా నున్నగా ఉన్న వైపు కిందికి పెట్టి నీలిమందు రుద్దేసింది.

మూడు వారాలు కుట్టింది. సుందరరాజు బడికి పోగానే తీసేది, అతను వచ్చే వేళకు మడిచి దాచేది. ఒక్కో వంపు తిరిగేటప్పుడు దారం బిగవకుండా, సడలకుండా ఎంత జాగ్రత్త పడిందో. పూర్తయ్యాక ముందు లింగమ్మకు చూపించింది. లింగమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని అక్షరాల మీద వేలు ఆనించకుండా ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పోనిచ్చింది.

"నిండు ముగ్గు మాదిరి ఉండాది తల్లీ," అంది.

పండుగనాడు పొద్దున్నే గుడి నిండిపోయింది. గుమ్మడికాయలు, జొన్న కంకులు, వరి కట్టలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, అన్నీ బల్ల ముందు కుప్పపడ్డాయి. ఆరాధన మొదలవడానికి ముందు పాస్టరు గారి భార్య ఆదెమ్మ కుట్టిందని అందరికీ చెప్పి, గుడ్డను బల్ల మీద పరిచి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ఆమె మొహం ముడుచుకుంది. తల ఒక పక్కకు వంచి చూసింది.

ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరస వెంబడి పాకింది.

"ఏందీ ఇది, అరబ్బీనా?" అని ఒకామె అంది.

"అద్దంలో చూసి చదువుకోవాల."

ఆదెమ్మకు మొదట ఏమీ అర్థం కాలేదు. తానూ నవ్వు మొహం పెట్టుకునే చూసింది. గుడ్డ శుభ్రంగా ఉంది, కుట్టు సమంగా ఉంది. మగవాళ్ల వైపు చూసింది. సుందరరాజు తల వంచుకుని కాళ్లకేసి చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది.

ముందురోజే కర్నూలు నుంచి వచ్చిన కృపమ్మ టీచరు లేచి బల్ల దగ్గరికి వెళ్లింది.

"కాగితం తిరగేసి అద్దినారు. అంచు కంకులు యాపక్కనైనా ఒకటే. అచ్చరాలు అట్ల కాదు కదా. ఎవురు అద్దినారిది?"

గుడంతా ఆదెమ్మ వైపు తిరిగింది. అంతమంది కళ్లు. ఆమె నోరు ఆమెకు తెలియకుండానే తెరుచుకుంది.

"లింగమ్మ అద్దింది," అంది.

ఒక్క క్షణం తర్వాత అందరూ ఊపిరి పీల్చుకున్నట్టు నవ్వారు. ఈసారి నవ్వు గట్టిగా వచ్చింది. "అట్ల చెప్పు. దానికి అ ఆలే రావాయె." "గుడి గుడ్డ దాని చేతికిస్తే ఇంకేమైతాది." లింగమ్మ ద్వారం దగ్గర నీళ్ల బిందె దించి నిలబడి ఉంది. అందరూ ఆమెను చూసి నవ్వుతున్నారు. ఆమె ఆదెమ్మను చూసింది. కోపంగా కాదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది.

"ఔనమ్మా, నాకేం తెలుసు," అని బిందె ఎత్తుకుని బయటికి వెళ్లింది.

కృపమ్మ టీచరు ఒక్కతే నవ్వలేదు. "కుట్టేటప్పుడన్నా చూసుకోలేదా ఆదెమ్మా?" అని మెల్లగా అడిగింది.

"ఫ్రేములో కొంచెం కొంచెమే కనపడ్తాది కదా టీచరమ్మా."

టీచరు ఆమె మొహంలోకి కాసేపు చూసి, గుడ్డ మడిచేసింది. బల్ల మీద పాత గుడ్డే పరిచారు. పాట మొదలైంది. ఆదెమ్మ పుస్తకం తెరవలేదు.

ఇంటికి వచ్చాక సుందరరాజు చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. తర్వాత, "మంచి పని చేసినావు. లేకుంటే ఈ పొద్దు నా తల యాడ పెట్టుకోవాల," అన్నాడు. అతను తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

మరుసటి మంగళవారం క్లాసులో గడప దగ్గర చోటు ఖాళీగా ఉంది. లింగమ్మ గుడి గుడ్డలు ముట్టకూడదని, క్లాసులో కూర్చోకూడదని, ఊడ్చి నీళ్లు పోసి వెళ్లిపోవాలని పాస్టరు గారి భార్య చెప్పిందట. ఎవరూ ఎందుకని అడగలేదు. ఆదెమ్మ కత్తెర మొనతో గొలుసు కుట్టు ఒక్కో కన్నూ తెంపి విప్పుతూ కూర్చుంది. మూడు వారాల పని విప్పడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. నీలిచుక్కలు పోయినా సూది గుచ్చిన బెజ్జాలు గుడ్డ మీద అలాగే కనబడ్డాయి.

నెల తర్వాత ధైర్యం కూడగట్టుకుని కుందూ గట్టుకు వెళ్లింది. లింగమ్మ గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"లింగమ్మా, ఆ పొద్దు నాకు నోట్లో ఏమొచ్చిందో..."

"నీకు సదువు రాదని నాకు ముందే ఎరుకలే," అంది లింగమ్మ చాట ఆపకుండా. "టీచరమ్మ దారం నెంబరు చెప్పి తెమ్మంటే, ఉండ మీద చీటీ చూడకుండా రంగు చూసి తెస్తాంటివి. నేనూ అట్లే తెస్తాంటి. అందుకని తెలిసింది."

ఆదెమ్మ గుడిసె గుంజ పట్టుకుని నిలబడింది.

"నాకు రాదని నలుగురూ నవ్వితే నాకేం బాధ లేదు. రాదు కాబట్టి నవ్వినారు. కుట్టు పోయింది నాకు. దానికే బాధ." ఆమె చాటను కింద పెట్టింది. "తలగడ గలీబు సగం కుట్టింటి. మిగిలిన సగం ఎట్ల కుట్టాలో చెప్పేవాళ్లు ల్యారు."

"నేను చెప్తా. రోజూ వస్తా."

"నువ్వొద్దులే అమ్మా," అంది లింగమ్మ. గట్టిగా అనలేదు. మళ్లీ చాట అందుకుంది.

నిజం చెప్పాలని ఆదెమ్మ ప్రతి ఆదివారం అనుకునేది. పాస్టరు గారి భార్య ఎదురైతే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేది. తాను నోరు విప్పితే తన ఒక్కదాని గుట్టే కాదు, భర్త గుట్టూ బయటపడుతుందని తనకు తాను సర్ది చెప్పుకునేది. డెబ్బయ్యారు జూన్‌లో సుందరరాజుకు ఆళ్లగడ్డకు బదిలీ అయింది. సామాను ఎక్కిస్తున్నప్పుడు ఆమెకు వచ్చింది దుఃఖం కాదు, తప్పించుకుంటున్నానన్న నెమ్మది. ఆ నెమ్మది తెలిసి మరింత సిగ్గేసింది.

ఆళ్లగడ్డలో ఆమె సూది ముట్టలేదు. పక్కింటి ఏసమ్మ, "నీకు కుట్లు వస్తాయంట కదా, నా బిడ్డకు నేర్పు," అని అడిగితే, మర్చిపోయానని చెప్పింది.

మూడేళ్లు గడిచాయి. ఊరూరా వయోజన విద్య కేంద్రాలు పెడుతున్న కాలం అది. ఆళ్లగడ్డలో ఆడవాళ్ల కేంద్రం సుందరరాజుకు అప్పగించారు. సాయంత్రం బడి వదిలాక అక్కడే వరండాలో పలకలు, బలపాలు పెట్టుకుని కూర్చునేవాడు. మొదటి వారం ఒక్కరూ రాలేదు. దాటిపోయేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ పోయేవాళ్లు.

"ఈ వయసులో పలక పట్టేకి సిగ్గంట. ఏం సిగ్గో," అన్నాడు ఒక రాత్రి విసుగ్గా. "నువ్వన్నా పోయి నలుగురిని పిల్చుకురారాదా."

ఆదెమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. వెనక్కి తిరగకుండానే అంది. "పిల్చుకొస్తా. వాళ్లతో పాటు నేనూ కూచ్చుంటా."

సుందరరాజుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "నీకేమన్నా పిచ్చా? అయ్యవారి పెండ్లామే పలక పట్టుకుంటే నా మర్యాద ఏమైతాది?"

"మీ మర్యాద కోసరమే నంద్యాలలో ఒక ముసలిదాన్ని గడప దాటిచ్చినా. ఆ పొద్దు మీరు మంచి పని అన్యారు. ఇన్నేండ్లుగా ఆ మాట నన్ను తింటాండాది."

అతను లేచి బయటికి పోయాడు. మరునాడు ఆదెమ్మ ఎదురింటి అంకమ్మనూ ఏసమ్మనూ వెంటబెట్టుకుని వరండాకు వెళ్లి, ముందు వరుసలో కూర్చుంది. "అయ్యవారమ్మా, నువ్వేంది ఈడ?" అని ఏసమ్మ అడిగింది. "నాకూ రాదు," అంది ఆదెమ్మ. ఆ రెండు ముక్కలు అనేసరికి వీపంతా చెమట పట్టింది. ఏసమ్మ నవ్వలేదు. కొంచెం జరిగి చోటిచ్చింది. సుందరరాజు పలక మీద 'అ' రాసి ఆమె చేతికిచ్చేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాలుగైదు రోజుల తర్వాత మామూలుగా చూశాడు. ఈసారి అతను విసుక్కోలేదు. ఆమెకూ తొందర లేదు.

కూడబలుక్కుని చదవడం వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. ఎనభై ఒకటి వేసవిలో ఆమె మొదటిసారి తన చేత్తో ఉత్తరం రాసింది, కృపమ్మ టీచరుకు. కార్డు మీద నాలుగే వాక్యాలు. ఆ గుడ్డ అద్దింది నేను, లింగమ్మ కాదు, నాకు అప్పుడు చదువు రాదు, గుడిలో అందరికీ చెప్పాలి, వస్తాను. ఒత్తులు రెండు చోట్ల తప్పాయి. సుందరరాజు చూసి దిద్దబోయి, పెన్సిలు పక్కన పెట్టేశాడు.

వారానికి జవాబు వచ్చింది. రెండో శనివారం స్త్రీల కూటం ఉందని, రమ్మని. ఇంకేమీ రాయలేదు.

ఆదెమ్మ పొద్దున బస్సెక్కి నంద్యాలలో దిగింది. గుడి వసారాలో ఇరవై మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. సగం కొత్త మొహాలు. అప్పటి పాస్టరు బదిలీ మీద వెళ్లి నాలుగేళ్లయిందట. కొత్త పాస్టరు గారి భార్య చిన్న వయసుది. ఆదెమ్మ లేచి నిలబడి జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యాక అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఎప్పటి గుడ్డ?" అని ఒకామె పక్కామెను అడిగింది.

"ఏమో. నాకు గ్యాపకం ల్యా."

చిన్న పాస్టరమ్మ దయగా, "పోనీలేమ్మా, చిన్న సంగతి," అని ప్రార్థన మొదలుపెట్టింది. ఆదెమ్మ కూర్చుండిపోయింది. అన్నేళ్లు మోసిన బరువు దించడానికి అక్కడ ఎవరూ చెయ్యి చాచలేదు. ఆ బరువు ఉందనే వాళ్లకు తెలియదు.

కూటం అయ్యాక కృపమ్మ టీచరు దగ్గరికి వచ్చింది. బాగా ముసలిదయింది. "నాకు ఆ పొద్దే అనుమానం," అంది. "అడిగితే నువ్వు తట్టుకోలేవని ఊరకుంటి. లింగమ్మ తట్టుకుంటాదా అని ఆలోచన చెయ్యలేదు. నా తప్పూ ఉండాది." మళ్లీ తనే, "ఉత్తరం రాగానే పోయి దాన్ని క్లాసుకు రమ్మంటి. రాలేదు," అంది.

కుందూ గట్టు మీద గుడిసె ఉన్నచోటే ఉంది. లింగమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఎవరో వచ్చారని తల ఎత్తింది గాని పోల్చుకోవడానికి కళ్లు చికిలించాల్సి వచ్చింది. నల్లగుడ్ల మీద బూడిదరంగు పొర.

"నేను, ఆదెమ్మను. అక్కా, గుడిలో చెప్పొచ్చినా. అద్దింది నేనని."

లింగమ్మ మొహం ఆమె గొంతు వినిపించిన వైపు తిప్పింది.

"అందరి ముందరా చెప్తివా?"

"చెప్తి."

"ఎవురన్నా నవ్విరా?"

ఆదెమ్మ ఆలోచించింది. "ల్యా. ఎవురూ నవ్వలేదు."

"నన్ను చూసి నవ్విరి కదా," అంది లింగమ్మ.

ఆదెమ్మ అరుగు కింద, నేల మీద కూర్చుంది. ఎండ వాలుతుండగా లింగమ్మ లేచి, తడుముకుంటూ లోపలికి పోయి, ముంత నిండా నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టింది. తాగి వెళ్లమంది.

ఆళ్లగడ్డ బస్సులో ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికింది. నంద్యాల దాటాక ప్రతి ఊరి దగ్గరా రోడ్డు పక్కన రాతి మీద ఊరి పేరు, దూరం రాసి ఉన్నాయి. ఆమె వద్దనుకున్నా కళ్లు వాటిని చదువుతూనే ఉన్నాయి. శిరివెళ్ల అని చదవగానే లింగమ్మ కళ్ల మీది పొర గుర్తొచ్చింది. మొహాన్ని కొంగుతో కప్పుకుని, ఆళ్లగడ్డ వచ్చేదాకా తియ్యలేదు.